బురాన్ సాబ్ కమాను

మా చెన్నూరులో ఎవరి మీదైనా గౌరవం పుడితే ముందు శాలువా కప్పుతారు. ఇంకొంచెం పుడితే ఫ్లెక్సీ కడతారు. పట్టలేనంత పుడితే వీధి మొదట్లో కమాను లేపుతారు. బురాన్ సాబ్ మీద మా ఊరి పెద్దలకు పట్టలేనంత పుట్టింది. ఆ గౌరవానికి పునాది తవ్వడం కోసం ఆయన బడిలో ఒక గది కూలగొట్టారు.

నేను ఆ బడిలోనే తెలుగు చెప్తాను. పేరు లిడియా. మా బాపు యెషయా మెథడిస్టు సంఘంలో వాక్యం చెప్పేవాడు. ఆయనా బురాన్ సాబూ సాయంత్రాలు చాయ్ తాగుతూ దేవుడి గురించి కొట్లాడుకునేవారు. చీకటి పడ్డాక, మర్నాడు మళ్ళీ కొట్లాడుకుందామని మాట అనుకుని లేచేవారు. నా నోరు మంచిది కాదని ఊళ్ళో పేరుంది. ఆ పేరు ఉట్టిగా రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను.

కమాను కమిటీ వాళ్ళు సాబ్ జీవితం మీద ఒక సంచిక అచ్చు వేయించారు. అట్ట మీద సాబ్ బొమ్మ తపాలా బిళ్ళంత ఉంది. కమిటీ అధ్యక్షుడు కరుణాకర్ బొమ్మ మిగతా అట్టంతా ఉంది. లోపల రాసింది అనిల్ కుమార్ అనే విలేఖరి. సాబ్ ఈజిప్టుకు వెళ్ళి బంగారు పతకం తెచ్చారని అందులో ఉంది. సాబ్ హజ్‌కు ఒక్కసారి వెళ్ళారు, వచ్చేటప్పుడు ఖర్జూరాలు తెచ్చారు, అంతకు మించి ఏమీ తేలేదు. ఈజిప్టు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, అది లేకపోతే పేజీ నిండటం లేదు మేడం అన్నాడు అనిల్ కుమార్. సాబ్‌ని కలిసి అడగవచ్చు కదా అంటే, ఆయనకు టైం ఉంటుందో ఉండదో అని నసిగాడు. సాబ్ ఇల్లు అనిల్ కుమార్ ఇంటికి నాలుగో ఇల్లు.

ఆ సంచికలో లేని సంగతి నేను చెప్తాను.

సాబ్ తండ్రి తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టే మనిషి. కొడుకును చిన్నప్పుడే హైదరాబాదు మదర్సాకు పంపాడు. అక్కడ సాబ్ అరబ్బీ, ఫార్సీ, ధర్మశాస్త్రం చదివి, చదువు పూర్తయిన గుర్తుగా పెద్దల చేత తలపాగా చుట్టించుకుని వచ్చారు. ఊళ్ళో వాళ్ళు మసీదులో ఇమాముగా ఉండమన్నారు. నమాజు చేయించడానికి చాలామంది దొరుకుతారు, పలక పట్టించే వాళ్ళే దొరకరని చెప్పి, ఆయన సర్కారు బడిలో ఉర్దూ పంతులుగా చేరారు. మొదటి పోస్టింగు జైనూర్. అక్కడ బళ్ళో సగం మంది గోండు పిల్లలు. ఉర్దూ పంతులు గోండు పిల్లలకు ఏం చెప్తాడని తోటి పంతుళ్ళు నవ్వారు. ఆయన ముందు గోండి నేర్చుకున్నారు. నవ్విన పంతుళ్ళలో ఒక్కరు కూడా నేర్చుకోలేదు. వాళ్ళకు నవ్వడం వచ్చు, అది చాలనుకున్నారు.

అక్కడ ఆయనకొక చిక్కు ఎదురైంది. పిల్లలు ఇవాళ నేర్చుకున్నది రేపటికి మరిచిపోయేవారు. ఇంటికి పోతే ఏం చదివావని అడిగేవాళ్ళు లేరు. అప్పుడు ఆయనకు మక్తబ్‌ల, అంటే మసీదు బడుల, పాత ఆచారం గుర్తుకొచ్చింది. మక్తబ్‌లో జుమేరాత్ నాడు, అంటే గురువారం, కొత్త పాఠం ఉండదు. వారమంతా చెప్పింది పిల్లలు తిరిగి అప్పజెప్పాలి. దానికి ఆమోఖ్తా అని పేరు. సాబ్ దాన్ని తిరగేశారు. అప్పజెప్పాల్సింది పిల్ల కాదు, పిల్ల తల్లి. తల్లి లేకపోతే నానమ్మో, పెద్దమ్మో, ఇంట్లో ఎవరుంటే వాళ్ళు. వారమంతా పిల్ల ఇంట్లో ఆమెకు నేర్పాలి. ఆమెకు రాకపోతే పిల్ల పాఠం చెప్పలేదని లెక్క. పై పాఠానికి పోయేది లేదు.

మా అవ్వ, అంటే మా అమ్మ, రిబ్కమ్మ అట్లాగే చదువుకుంది. సాబ్ ఉద్యోగం అయిపోయి చెన్నూరుకు వచ్చి మూడు గదుల బడి పెట్టిన కొత్తలో నేను చేరాను. నేను రోజూ నేర్చుకున్న అక్షరాలు అవ్వ చేటలో బియ్యం పరిచి వేలితో దిద్దేది. బైబిలు తానుగా విప్పి చదివింది ఆ చదువుతోనే. మా పాస్టరుగారు అవ్వ విశ్వాసం గురించి చాలా ప్రసంగాలు చేశారు గాని, ఆమెకు తెలుగు నేర్పింది ఒక మౌల్వీ అన్న మాట ఏ ప్రసంగంలోనూ రాలేదు. అది కూడా పేజీ నిండే విషయమే కదా.

మధ్యలో సాబ్ కరీంనగర్‌లో పంతుళ్ళకు శిక్షణ ఇచ్చే కాలేజీలో చాలా ఏళ్ళు చెప్పారు. తల్లుల ఆమోఖ్తా గురించి ఒక పుస్తకం రాశారు. పై అధికారులు అద్భుతమని మెచ్చుకుని ఫైల్లో పెట్టారు. ఆ ఫైలు ఇప్పటికీ సుఖంగానే ఉండి ఉంటుంది.

ఇక కరుణాకర్. వాడు నా క్లాసువాడే. తండ్రి లేడు. తల్లి శంకరవ్వ బీడీలు చుట్టి పెంచింది. ఐదో తరగతిలో వాడు ఇంట్లో తల్లికి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు, చెప్పానని బళ్ళో అబద్ధం ఆడేవాడు. జుమేరాత్ నాడు శంకరవ్వ వచ్చి, పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబడి, నోరు తెరవలేక, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది. మూడోసారి అట్లా జరిగాక సాబ్ వాణ్ణి ఏమీ అనకుండా, వారం నాగా లేకుండా అమ్మకు నేర్పి తీసుకురా అన్నారు. మరుసటి జుమేరాత్‌కు వాడు బడి మానేశాడు. ఆ తర్వాత ఇసుక ట్రాక్టర్లు నడిపాడు, ప్లాట్లు అమ్మాడు, రాజకీయాల్లో దిగాడు. ఇప్పుడు వేదికల మీద తాను బురాన్ సాబ్ శిష్యుణ్ణని చెప్పుకుంటాడు. సగం పలక కూడా నిండని శిష్యరికం అది.

కమాను వెనక సంగతి కూడా చెప్పాలి. బడి ఉన్న సందు చివర కరుణాకర్ కొత్తగా ప్లాట్లు వేశాడు. సందు ఇరుకు. ట్రాక్టరు పోదు, కొనేవాళ్ళ కారు పోదు. సందు వెడల్పు చేసి మొదట్లో ఒక కమాను నిలబెడితే ప్లాట్లకు దర్జా వస్తుంది. తన పేరు పెట్టుకుంటే జనం నవ్వుతారు. అందుకని ఊరంతా దండం పెట్టే పేరు ఒకటి వెతికాడు. కమాను కుడి కంభం సరిగ్గా మా పదో తరగతి ఆడపిల్లల గదిలో పడుతుంది. మున్సిపాలిటీ వాళ్ళేమో ఆ గది సర్కారు జాగాలో ఉందని నోటీసు అంటించారు. కోర్టుకు పోతే తీర్పు వచ్చేలోపు మా పిల్లలకు పిల్లలు పుడతారు.

ఆ గది పోతే ఏమవుతుందో సందులో అందరికీ తెలుసు. హైస్కూలు పెద్ద రోడ్డుకు అవతల ఉంది. మా పిల్లల తండ్రులు సగం మంది దుబాయిలోనో దమ్మాంలోనో ఉంటారు. ఒంటరిగా ఉన్న తల్లులు ఆడపిల్లను అంత దూరం పంపరు. మిగతా రెండు గదుల్లో చిన్నపిల్లలు ఇప్పటికే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటున్నారు. గది పోయిందంటే పదో తరగతి పోయినట్టే, పిల్లలు ఇంట్లో బీడీల చేట ముందు కూర్చున్నట్టే.

కమిటీ వాళ్ళు సాబ్ ఇంటికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కరుణాకర్ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు. "సార్, మీరు పోయినంక గూడ మీ పేరు ఉండాలె. గా గది ఒక్కటి జర అడ్డమొస్తుంది. తర్వాత మీద స్లాబేసి రెండు గదులు కట్టిస్త, ఫికర్ చెయ్యకుండ్రి."

సాబ్ తీసుకో అన్నారు. అంతే. కమిటీ వాళ్ళు ఇంత సులువుగా అవుతుందనుకోలేదేమో, శాలువా రెండుసార్లు కప్పారు.

వాళ్ళు వెళ్ళగానే నేను ఒంటికాలి మీద లేచాను. పిల్లల గది ఇచ్చేసి పేరు కొనుక్కున్నారని, ఇన్నాళ్ళకు మీకూ శాలువా మీద మనసైందని ఆయన మొహం మీదే అన్నాను. మా బాపు బతికుంటే నా నోటి మీద కొట్టేవాడు. సాబ్ శాలువా మడతపెట్టి గూట్లో పెట్టారు. ఆ గూట్లో శాలువాలు పేర్చి ఉన్నాయి, చలికాలంలో పిల్లలకు కప్పుతారు.

"గోడ పోతది బేటా. జుమేరాత్ ఏడికి పోతది?" అన్నారు.

అది జవాబా అని నాకు ఒళ్ళు మండింది. ముసలితనం వచ్చి ఆయన బుద్ధి మెత్తబడిందనుకున్నాను.

గదిని ఒక్క పూటలో కూలగొట్టారు. నల్లబల్ల మీద నేను ముందురోజు రాసిన పద్యం అట్లాగే ఉంది, జేసీబీ దాన్ని రెండు ముక్కలు చేసింది. ఆడపిల్లలను సాబ్ ఇంటి ముందు రేకుల కింద కూర్చోబెట్టాను. ఎండాకాలం మొదలైంది, రేకులు సెగలు కక్కుతున్నాయి. ముగ్గురు రావడం మానేశారు. వాళ్ళలో తస్నీం నా క్లాసులోకెల్లా చురుకైన పిల్ల. దమ్మాం నుంచి తండ్రి ఫోను చేసి, రోడ్డు పక్కన కూర్చోబెట్టే చదువు మనకొద్దన్నాడట. తస్నీం ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. తల్లి చాయ్ ఇచ్చింది గాని పిల్లను పంపలేదు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నేను రోజూ పొద్దున్నే లేచి కమాను ఎంత ఎత్తు లేచిందో చూసి, కట్టేవాళ్ళను లోపల్లోపల తిట్టుకుని, బడికి వెళ్ళేదాన్ని.

కమాను పూర్తయింది. పైన రెండు సిమెంటు నెమళ్ళు, వాటి మధ్య సాబ్ పేరు. చదువుకూ నెమళ్ళకూ సంబంధం ఏమిటని అడిగితే మేస్త్రీ, అచ్చులు అవే ఉన్నాయమ్మా అన్నాడు. ప్రారంభోత్సవానికి మంత్రి వస్తాడన్నారు. మంత్రికి వీలైంది గురువారం సాయంత్రం. సంచిక నిండా సాబ్ గొప్పతనం రాసిన ఏ ఒక్కడికీ గురువారం సాయంత్రం ఆ సందులో ఏం జరుగుతుందో తెలియదు. ఆయన జీవితమంతా ఆ ఒక్క పూటలోనే ఉంది, వాళ్ళకు ఆ పూటే ఖాళీగా కనబడింది.

సాబ్ జుమేరాత్ ఎన్నడూ మానలేదు. ఆయన భార్య చనిపోయిన వారం కూడా ఎర్రబడిన కళ్ళతో వచ్చి కూర్చుని ఆడవాళ్ళ చేత అప్పజెప్పించారు.

ఆ గురువారం కూడా నాలుగింటికి సాబ్ చాప చంకలో పెట్టుకుని బయటికి వచ్చారు. రేకుల కింద ఎండ నేరుగా పడుతోంది. సందు మొత్తంలో నీడ ఉన్నది ఒక్క కమాను కిందే. ఆయన నడుచుకుంటూ పోయి, రిబ్బను కట్టిన చోట, సరిగ్గా దారి మధ్యలో చాప పరిచి కూర్చున్నారు. ఎప్పటిలాగే తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు బురఖాల్లో, కొందరు బీడీల తట్టలతో. పిల్లలు పక్కన చేరారు. నేను ఏం చేయాలో తెలియక వాళ్ళ వెనక నిలబడ్డాను. కాసేపటికి తస్నీం తల్లి వచ్చింది. ఆమె వెనక తస్నీం. బడికి పంపనన్నది గాని, జుమేరాత్ మానడం ఆమెకు చేతకాలేదు. వారమంతా తస్నీం ఇంట్లో ఆమెకు పాఠం చెప్తూనే ఉందట. ఆ మాట విన్నాక సాబ్ మీద నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

కానిస్టేబుల్ వచ్చి లేవమన్నాడు. సాబ్ జర ఆగమని చెయ్యి చూపించి, ఎవరో తల్లి చెప్తున్న ఎక్కం వింటూ ఉండిపోయారు. కరుణాకర్ తెల్లబట్టల్లో పరుగెత్తుకొచ్చాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది. నన్ను పక్కకు పిలిచి, అందరినీ లేపమని పళ్ళు కొరుకుతూ అడిగాడు. నాకు చేతకాదు, నువ్వే లేపుకో, నీ గురువే కదా అన్నాను. వాడు చాప వైపు తిరిగి ఆగిపోయాడు. ఆడవాళ్ళ వరుసలో చివర శంకరవ్వ కూర్చుని ఉంది.

శంకరవ్వ కొడుకు మేడలో ఉండదు, కూతురి ఇంట్లోనే ఉంటుంది. ఆ కూతురి బిడ్డ వందన మా పదో తరగతి. ఈ మధ్య కూతురు కూలికి పోతుండటంతో, కొడుకు చెప్పని చదువు ముసలితనంలో మనవరాలు చెప్తోంది. ఒత్తులు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నాయి. కరుణాకర్‌కు ఈ సంగతి తెలియదు. తల్లి ఏం చేస్తోందని వాడెప్పుడూ అడగలేదు.

అంతలో కార్లు వచ్చాయి. మంత్రి దిగాడు. ముందు ఆడవాళ్ళను చూశాడు, తర్వాత కెమెరాలను చూశాడు, వెంటనే నవ్వు తెచ్చుకుని చెప్పులు విడిచాడు. గొప్ప విద్యావేత్త అని విన్నానని, బడి కూడా చూసి పోదామనుకుంటున్నానని, అది ఎక్కడుందని సాబ్‌ని అడిగాడు.

"మీరు నిలబడ్డదే సాబ్. గా కంభమున్న జాగల పదో తరగతి ఉండె," అన్నారు సాబ్. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పారు.

మంత్రి నవ్వు కొంచెం తగ్గింది. కరుణాకర్ గబగబా తాడు అందించి శిలాఫలకం తెర లాగించాడు, చప్పట్లు కొట్టించాడు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు. ఎవరూ చదవలేదు. మా ఊళ్ళో శిలాఫలకాలు చదవడానికి వేయించరు.

"శంకరవ్వా, నీదొక్కటే మిగిలింది," అన్నారు సాబ్. "ఇయ్యాల పుస్తకం వద్దు. గా రాయి మీద రాసింది చదువు."

ఆయనకు ఆ రాతలో ఏముందో ముందే తెలుసా అని నేను ఇప్పటివరకు అడగలేదు. శంకరవ్వ లేచి, వందన భుజం పట్టుకుని, రాయి దగ్గరికి పోయింది. అక్షరాల మీద వేలు పెట్టింది. మంత్రి గడియారం చూసుకున్నాడు. ఆమెకు తొందర లేదు. బురాన్ సాబ్ పేరు కూడబలుక్కుని చదివింది. మంత్రి పేరు చదివింది. ఒత్తు దగ్గర ఆగి, వెనక్కు వచ్చి, మళ్ళీ చదివింది. కొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం విప్పారింది. వాడి పేరు ఆమె జీవితంలో మొదటిసారి చదువుతోంది.

"స్థల... దాత... క... రు... ణా... కర్."

ఒకసారి తనలో తాను అనుకుంది. మళ్ళీ చదివింది. ఆ మొహంలో వెలుగు పోయింది. వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళ కిందట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ మనిషి, అందరి ముందు మామూలు గొంతుతో అడిగింది.

"గీ జాగ నీదెప్పుడైంది బిడ్డా? గిది సాబ్ బడి గదా?"

అనిల్ కుమార్ రాయడం ఆపేశాడు. కరుణాకర్ తెర తాడు అందుకుని చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. వాణ్ణి నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అబద్ధం అంత ఆలస్యంగా వాడి నోటికి రావడం అదే మొదలు.

"మంచిగ చదివినవ్ శంకరవ్వా. వందనకు పై పాఠం," అన్నారు సాబ్. చాప చుట్టడం మొదలుపెట్టారు.

మంత్రి వేరే కార్యక్రమం ఉందని కారెక్కాడు. మర్నాడు పేపర్లో కమాను ఘనంగా ప్రారంభమైందని వచ్చింది, శంకరవ్వ మాట రాలేదు. కానీ శుక్రవారం సెలవు పోయి శనివారం వచ్చేసరికి సాబ్ మళ్ళీ చాప తెచ్చి కమాను కిందే పరిచారు. పేరు నాది, నీడ కూడా నాదే అన్నారు. తస్నీం మొదటి వరుసలో కూర్చుంది. మిగతా ఇద్దరూ రెండు రోజులకు వచ్చారు. నేను కంభానికి నల్లబల్ల ఆనించి సమాసాలు చెప్పాను. కరుణాకర్ ఇసుక ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి విన్నాయి. ప్లాటు చూడటానికి మంచిర్యాల నుంచి వచ్చినవాళ్ళు కారులోంచే చూసి తిరిగిపోయారు. కానిస్టేబుల్ రెండుసార్లు వచ్చాడు గాని, అతని కూతురు మా రెండో తరగతి, భార్య జుమేరాత్‌కు వస్తుంది. ఇంట్లో ఏం మాట అనిపించుకున్నాడో, మూడోసారి రాలేదు.

నెల తిరక్కుండా కరుణాకర్ బడి వెనక దాకా పాకిన తన ప్లాట్లలోంచి ముక్క తీసి, గది కట్టించాడు. చదువు మీద భక్తితో కట్టించాడని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ట్రాక్టర్ల కోసం కట్టించాడు. ఏదైతేనేం, మా పిల్లలు పరీక్షలకు ఆ గదిలోనే చదివారు. తస్నీం పాసైంది, వందన కూడా పాసైంది. కమాను మీద స్థలదాత రాయి ఒకరోజు తెల్లారేసరికి మాయమైంది.

గది తలుపు పక్కన కరుణాకర్ ఇంకా ఏమీ చెక్కని కొత్త రాయి ఒకటి పెట్టించాడు. ఈసారి నిజంగానే దాత కదా, పేరు చెక్కించుకుంటానని సాబ్‌ని అడిగాడు. సాబ్ కాదనలేదు. ఒక జుమేరాత్ నాడు వచ్చి, ఐదో తరగతిలో వదిలేసిన పాఠం మీ అమ్మకు చెప్పి, ఆమె చేత అప్పజెప్పించు, ఆ సాయంత్రమే చెక్కించుకో అన్నారు.

వాడు ఇప్పటికీ రాలేదు. వాడి సిగ్గు వాడికుంది, దాని గురించి నేను చాలా మాటలు అనగలను, రోజూ అంటూనే ఉంటాను. కానీ జుమేరాత్ నాడు మాత్రం నోరు మూసుకుంటాను. శంకరవ్వ అందరికంటే ముందు వస్తుంది. ఖాళీ రాయిని కొంగుతో తుడుస్తుంది. పక్కన ఇంకొక మనిషికి చోటు వదిలి చాప మీద కూర్చుంటుంది.